పేరు కాదు, బరువు అడగండి!

పిల్లలూ! ఈ పాఠం నేను చేసిన ఒక పొరపాటుతో మొదలవుతుంది.

కొన్నేళ్ల క్రితం మాట. ఎల్లారెడ్డి ప్రాంతం నుంచి వచ్చే ఒక అబ్బాయి మా తొమ్మిదో తరగతిలో ఉండేవాడు. విజ్ఞాన ప్రదర్శనకు కాగితపు వంతెన చేస్తానన్నాడు. నేను ఒక పుస్తకం తిరగేసి, "దీనికి కార్డ్‌స్టాక్ కావాలి. కామారెడ్డి పోయి తెచ్చుకో" అని చెప్పేశాను. వాళ్లమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బులోంచి కొంత చేతికిచ్చింది. గంటకు పైగా బస్సులో కూర్చుని పోయాడు. ఎండలో దుకాణం దుకాణం తిరిగి, సాయంత్రానికి వట్టి చేతులతో వచ్చాడు.

"సార్, కామారెడ్డిల ఎవ్వరికీ ఆ పేరు ఎరుక లేదు సార్. ఒకాయన 'ఏం కార్డుల స్టాకు కావాలె బాబూ, పెండ్లి కార్డులదా?' అని అడిగిండు" అన్నాడు.

తరగతిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ దుకాణదారు అన్నమాటలోనే జవాబు ఉంది! పెండ్లి కార్డు అట్టే మాకు కావలసిన అట్ట. అతని దగ్గర సరుకు ఉంది, మా వాడి దగ్గర డబ్బు ఉంది. మధ్యలో అడ్డం వచ్చింది నేను చెప్పిన పేరు ఒక్కటే. వారం తరువాత ఆ అబ్బాయి ఎవరితోనో చెప్పించి, ఖరీదైన 20 షీట్ల ప్యాకెట్టు ఒకటి తెప్పించుకున్నాడు. అంత ఖర్చు పెట్టి చేసిన వంతెన, ప్రదర్శన రోజున పావుకిలో రాయి పెట్టగానే నడుము వంగిపోయింది. పక్క బల్ల మీద ఇంకొకరు పాత క్యాలెండరు కాగితాలు అతికించి చేసిన వంతెన మాత్రం నిలబడింది!

ఎందుకిలా జరిగింది? ఖరీదైన అట్ట ఎందుకు ఓడిపోయింది? చవక కాగితం ఎందుకు గెలిచింది? ఇవి తెలిస్తే, ఏ ఊళ్లో ఉన్నా తక్కువ డబ్బుతో మంచి అట్ట సంపాదించుకోవచ్చు. రండి, ఒక్కొక్కటే చూద్దాం.

బరువే అసలు పేరు

కాగితానికీ అట్టకూ తేడా ఏమిటని అడిగితే "అట్ట దళసరిగా ఉంటుంది" అంటారు. నిజమే. కాని ఎంత దళసరి? దుకాణంలో వేలితో నొక్కి చూస్తే తెలియదు. అందుకే కాగితం తయారుచేసేవారు ఒక కొలత పెట్టుకున్నారు. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువు ఉంటుందో, అదే ఆ కాగితపు గుర్తు. దీన్నే జి.ఎస్.ఎం. అంటారు. ముద్రణాలయంలో అడిగితే ఈ మాట ఎవరికైనా తెలుసు.

జిరాక్సు కాగితం సాధారణంగా 70 నుంచి 80 గ్రాములది. పెట్టెలు, ఘనాకారాలు, శుభాకాంక్షల కార్డులు, వంతెనలు చేయడానికి 160 నుంచి 300 గ్రాముల అట్ట సరిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాలలో కార్డ్‌స్టాక్ అని రాసేది దీన్నే.

ప్యాకెట్టు మీద గ్రాములు రాసి ఉంటే సరే. విడిగా అమ్మే షీటు మీద రాసి ఉండదు కదా! అప్పుడేం చేయాలి? తూచాలి.

ఏ-4 కాగితం పొడవు 29.7 సెం.మీ., వెడల్పు 21 సెం.మీ. ఈ కొలతలు ఊరికే పెట్టినవి కావు. ఒక చదరపు మీటరు వైశాల్యం ఉన్న ఏ-0 అనే పెద్ద కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, అలా నాలుగుసార్లు కోస్తే వచ్చేది ఏ-4. నాలుగుసార్లు సగం చేస్తే ఎన్ని ముక్కలు? 2, 4, 8, 16. అంటే 16 ఏ-4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. కాబట్టి ఏ అట్టవైనా 16 ఏ-4 షీట్లు కిరాణా దుకాణం తక్కెడలో పెట్టండి. ఎన్ని గ్రాములు తూగితే, అదే దాని జి.ఎస్.ఎం. లెక్క కూడా అక్కరలేదు!

ఇతర కొలతల షీట్లకు సూత్రం ఇది: ఒక షీటు బరువును గ్రాముల్లో తీసుకుని 10,000 తో గుణించి, దాని వైశాల్యంతో (చదరపు సెంటీమీటర్లలో) భాగించాలి. 56 సెం.మీ. వెడల్పు, 71 సెం.మీ. పొడవు ఉన్న చార్టు షీట్లు పది కలిపి 560 గ్రాములు తూగాయనుకుందాం. ఒక్కటి 56 గ్రాములు. వైశాల్యం 3,976 చదరపు సెం.మీ. లెక్క వేస్తే సుమారు 141 గ్రాములు వస్తుంది. ఒక్క షీటును తూచకుండా పదింటిని ఎందుకు తూచామో గమనించారా? తక్కెడలో వచ్చే చిన్న తేడా పది షీట్లకు పంచుకుపోతుంది. ప్రయోగశాలలో లోలకం ఒక్క డోలనానికి కాక 20 డోలనాలకు కాలం కొలిచేదీ ఇందుకే.

ఏ దుకాణంలో ఏది?

కామారెడ్డి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. అక్కడ స్టేషనరీ దుకాణాలతోపాటు ప్రెస్సులు, బైండింగు పనివారు కూడా ఉంటారు. ఎల్లారెడ్డి వంటి చిన్న పట్టణాల్లో బడి దగ్గరి పుస్తకాల దుకాణమే మనకు దిక్కు. అయినా నిరాశ పడనక్కరలేదు. ఎక్కడ ఏమి అడగాలో తెలిస్తే చాలు.

పుస్తకాల దుకాణంలో: చార్టు షీటు, డ్రాయింగు షీటు అడగండి. రెండూ విడిగా దొరుకుతాయి. ఫైలు అట్టలు కూడా చూడండి. ఒక్క ఫైలును విప్పితే పెద్ద అట్ట వస్తుంది. మామూలు చార్టు పలచనైతే రెండు పొరలు అతికించుకోవచ్చు.

ప్రెస్సులో: "పెండ్లి కార్డులకు, విజిటింగు కార్డులకు వాడే అట్ట కత్తిరింపులు ఉన్నాయా?" అని అడగండి. పెద్ద షీట్లను యంత్రంతో కోసినప్పుడు అంచుల్లో పట్టీలు మిగులుతాయి. అచ్చు తప్పిన కార్డులూ ఉంటాయి. మనకు వెనకవైపు తెల్లగా ఉంటే చాలు. పెండ్లిళ్ల రోజులలో వెళితే ప్రెస్సువారికి తీరిక ఉండదు. కాస్త ముందో వెనకో వెళ్లి, మర్యాదగా అడిగితే చాలాసార్లు కాదనరు.

మిఠాయి, బట్టల దుకాణాలలో: మిఠాయి డబ్బా, చొక్కా డబ్బా విప్పి చూడండి. ఒకవైపు తెల్లగా నున్నగా, రెండోవైపు బూడిదరంగులో ఉంటుంది. దీన్ని డూప్లెక్సు అట్ట అంటారు. బూడిదరంగు పొర పాత కాగితాలను నానబెట్టి మళ్లీ తయారుచేసినది. కాగితాన్ని మళ్లీ మళ్లీ వాడేకొద్దీ అందులోని పోగులు పొట్టివి అవుతాయి. అందుకే ఈ అట్ట మడత దగ్గర పగులుతుంది. గోడలకు, పునాదులకు మంచిది. సన్నని మడతలకు పనికిరాదు. నూనె అంటిన డబ్బా వద్దు, జిగురు పట్టదు.

బైండింగు దుకాణంలో: మిల్లు అట్ట దొరుకుతుంది. ఇది బాగా మందం. నమూనాకు కింద పీటలా వాడుకోవచ్చు. కత్తెరతో తెగదు, బ్లేడు కావాలి. ఆ పని పెద్దలను పక్కన ఉంచుకునే చేయండి.

ఇక ఇంట్లో: గోడ క్యాలెండర్లు, పాత నోటు పుస్తకాల అట్టలు. ఇవి ఉచితం.

ఒక చార్టులో ఎన్ని ఏ-4 షీట్లు?

ధర చూసి మోసపోవడం తేలిక. చార్టు పెద్దది, ఏ-4 చిన్నది. రెంటినీ ఎలా పోల్చాలి? ఒక్క ఏ-4 ముక్కకు ఎంత పడిందో చూడాలి.

56 × 71 సెం.మీ. చార్టును తీసుకోండి. ఏ-4 షీట్లన్నీ ఒకే వరసలో నిలబెట్టి పెడితే, లేదా అన్నీ పడుకోబెట్టి పెడితే ఎన్ని వస్తాయి? నిలువుగా అయితే పక్కపక్కన మూడే పడతాయి. అడ్డంగా అయితే రెండు వరసలలో నాలుగు పడతాయి. ఇప్పుడు రెండూ కలపండి. చార్టు పొడవైన అంచు వెంట మూడు షీట్లను నిలబెట్టండి. 63 సెం.మీ. పొడవు, 29.7 సెం.మీ. ఎత్తు పోయింది. కింద 26 సెం.మీ. పైగా మిగిలింది. అందులో రెండు షీట్లను పడుకోబెట్టండి. 59.4 సెం.మీ. పొడవు, 21 సెం.మీ. ఎత్తు. మొత్తం 5 షీట్లు! పాత వార్తాపత్రిక మీద గీసి చూస్తే మీకే నమ్మకం కలుగుతుంది.

ఇప్పుడు చార్టు ధర 10 రూపాయలు అనుకుందాం. ఒక్క ముక్కకు 2 రూపాయలు. 20 షీట్ల ప్యాకెట్టు 100 రూపాయలైతే ఒక్కటి 5 రూపాయలు. ఈ అంకెలు లెక్క కోసం వేసినవే. మీ ఊరి ధరలు మీరే కనుక్కుని వేసుకోండి. రెండింటి గ్రాములూ వేరైతే అదీ చూసుకోవాలి. 140 గ్రాముల చార్టు రెండు పొరలు వేస్తేనే 280 అవుతుంది. అంటే ముక్కకు 4 రూపాయలు, ఇంకా జిగురు ఖర్చు.

పట్నం వెళ్లడానికి అయ్యే ఖర్చునూ మరిచిపోకండి. అక్కడ ఒక్క షీటు మీద 3 రూపాయలు కలిసివస్తుందనుకుందాం. రానుపోను బస్సు ఖర్చు 90 రూపాయలైతే, 30 షీట్లు కొంటే కాని ఆ ఖర్చు తీరదు. అయిదుగురు కలిసి జాబితా రాసి, ఒకరిని పంపితే అందరికీ లాభం. ఆనాడు మా అబ్బాయిని ఒక్కడినే పంపడం నా రెండో పొరపాటు.

అట్టకూ పోగు ఉంది

ఇప్పుడు అసలు రహస్యానికి వద్దాం. ఖరీదైన అట్ట వంతెన ఎందుకు వంగింది?

కాగితం చెక్క, వెదురు వంటివాటి సన్నని పోగులతో తయారవుతుంది. మిల్లులో ఆ పోగులను చాలా నీళ్లలో కలిపి, వేగంగా కదిలే జల్లెడ మీద పోస్తారు. వాగులో కొట్టుకుపోయే గడ్డిపరకలు ప్రవాహం వెంట తిరిగినట్లు, పోగులు కూడా ఎక్కువగా జల్లెడ కదిలే దిశలోకి తిరుగుతాయి. ఆ తరువాత నీరు కారిపోయి, కాగితం ఎండిపోతుంది. పోగుల వరస మాత్రం అలాగే మిగిలిపోతుంది. కాగజ్‌నగర్ పేరు విన్నారు కదా! ఊరి పేరులోనే కాగితం ఉంది. అక్కడి సిర్పూర్ మిల్లులో 1942లో కాగితం తీయడం మొదలైంది. 2014లో మూతపడి, 2018లో మళ్లీ తెరుచుకుంది. భద్రాచలం దగ్గరి సారపాకలో అట్టలు తయారుచేసే కర్మాగారం ఉంది. ఏ మిల్లు యంత్రం మీద వచ్చిన కాగితమైనా ఈ పోగు దిశ తప్పదు.

చేతితో చేసే కాగితం సంగతి వేరు. మన పక్కనున్న కోరుట్ల ఒకప్పుడు చేతి కాగితానికి పేరు పొందింది. చేతి జల్లెడను అటూ ఇటూ ఊపుతారు కనుక పోగులు అన్ని దిక్కులకూ పడతాయి. దానిలో పోగు దిశ దాదాపు కనిపించదు.

యంత్రపు అట్ట పోగు వెంట గట్టిగా, పోగుకు అడ్డంగా మెత్తగా ఉంటుంది. చాలా అట్టలలో ఈ తేడా సుమారు రెండింతలు. మా అబ్బాయి అట్ట వృథా కాకుండా ఉండాలని వంతెన బాట ముక్కలను అడ్డంగా కోశాడు. పోగులు వంతెన పొడవునా పోవలసింది, వెడల్పు వెంట పోయాయి. దూలం వేయవలసిన చోట కట్టెలను అడ్డంగా పేర్చినట్లయింది!

పోగు దిశ తెలుసుకోవడానికి మూడు పరీక్షలు:

1. అట్టను మడత పడకుండా మెల్లగా వంచండి. ముందు పొడవు వైపు, తరువాత వెడల్పు వైపు. ఏ వంపు తేలికగా వస్తే ఆ వంపు గీత పోగు వెంట ఉన్నట్లు.

2. పనికిరాని ముక్కను చింపండి. పోగు వెంట చీలిక తిన్నగా పోతుంది. అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది.

3. చిన్న చదరపు ముక్కకు ఒకవైపు మాత్రమే నీళ్లు రాయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవే పోగు దిశ. నీరు తాగిన పోగు పొడవులో దాదాపు పెరగదు, లావులో ఉబ్బుతుంది. తడిసినవైపు అడ్డంగా సాగుతుంది కనుక ముక్క చుట్టుకుంటుంది.

దిశ తెలియగానే పెన్సిలుతో బాణం గుర్తు వేసుకోండి. ఇందాక చార్టు నుంచి తీసిన 5 షీట్లలో నిలబెట్టిన మూడింటికి ఒక దిశ, పడుకోబెట్టిన రెండింటికి ఇంకో దిశ ఉంటుంది. కలిపేస్తే మళ్లీ పాత కథే!

మడతలకు కూడా ఇదే సూత్రం. పోగు వెంట మడిస్తే గీత గీసినట్లు వస్తుంది. అడ్డంగా మడిస్తే అంచు పగులుతుంది. మడిచే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీయండి. మడత నీటుగా వస్తుంది.

జిగురు చేసే గారడీ

మరి చవక క్యాలెండరు కాగితం ఎలా గెలిచింది?

మీ నోటు పుస్తకాన్ని చేతుల్లోకి తీసుకుని వంచండి. అంచు చూడండి. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి, తిన్నని అంచు ఏటవాలు అయింది. జారే పొరలలో ఒక్కో పొర తన బలం మాత్రమే చూపుతుంది. నాలుగు విడి కాగితాలకు ఒక్క కాగితానికి నాలుగింతల గట్టితనమే ఉంటుంది.

ఆ నాలుగింటిని జిగురుతో అతికిస్తే జారడానికి వీలుండదు. నాలుగూ కలిసి ఒకే దళసరి పలకలా పనిచేస్తాయి. పలక వంగకుండా నిలిచే శక్తి దాని మందపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెండింతలైతే 2 × 2 × 2 = 8 రెట్లు. నాలుగింతలైతే 4 × 4 × 4 = 64 రెట్లు! విడిగా నాలుగు, అతికితే అరవై నాలుగు. కాగితం అదే, ఖర్చు అదే. తేడా అంతా జిగురుదే. జిగురు అన్నిచోట్లా సమంగా పడితేనే ఈ లెక్కకు దగ్గరగా వస్తుంది సుమా.

ఇంట్లో అట్ట తయారుచేసే పద్ధతి: రెండు చెంచాల మైదాపిండిని చిన్న గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. సన్నని సెగ మీద కలుపుతూ, చిక్కబడి పాలిపోయిన రంగు వచ్చేదాకా ఉడికించండి. ఇదే లై. పెద్దవారి ఎదుటే పొయ్యి దగ్గరకు వెళ్లండి. చల్లారాక నాలుగు కాగితాలకు పలచగా పూసి, అన్నింటి పోగు ఒకే దిశలో ఉండేట్లు అతికించండి. దిశలు మారితే ఎండేటప్పుడు అట్ట వంకర తిరుగుతుంది. పైన కింద వట్టి కాగితాలు వేసి, బరువైన పుస్తకాల కింద ఒక రోజు ఉంచండి. నోటు పుస్తకం కాగితం 56 గ్రాములదైతే నాలుగు పొరలకు 224 గ్రాములు. జిగురు కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. దుకాణంలో వెదికిన అట్ట ఇంట్లోనే తయారైంది!

ఒక హెచ్చరిక. పురుగు పట్టకుండా కొందరు లైలో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మీరు కలపవద్దు. కావలసినంతే చేసుకుని రెండు రోజుల్లో వాడేయండి.

మళ్లీ వంతెన దగ్గరకు

ప్రదర్శన అయిన మరుసటి వారం ఆ అబ్బాయీ నేనూ కలిసి ఈ పరీక్షలన్నీ చేశాం. బల్ల అంచు మీద 2 సెం.మీ. వెడల్పు పట్టీలను 15 సెం.మీ. బయటికి ఉంచి, కొన ఎంత కిందికి వాలుతుందో స్కేలుతో కొలిచాం. పోగు వెంట కోసిన పట్టీ తక్కువ వాలింది, అడ్డంగా కోసినది ఎక్కువ వాలింది. తరువాత వాడు తన ఊరి దుకాణంలోనే చార్టు కొని, రెండు పొరలు అతికించి, పోగును పొడవునా ఉంచి కొత్త వంతెన కట్టాడు. బహుమతి గడువు అప్పటికే దాటిపోయింది. అయినా పావుకిలో రాయి పెట్టినప్పుడు వంతెన కదలలేదు. ఇంకో రాయి పెట్టాడు. అదీ నిలిచింది. అప్పుడు వాడు నా వైపు చూసి, "సార్, మొదలే ఇది చెప్పి ఉంటే కామారెడ్డి పోకపోదును" అన్నాడు.

నిజమే. అందుకే మీకు మొదలే చెబుతున్నాను. దుకాణంలోకి వెళ్లి పుస్తకంలోని పేరు చెప్పకండి. దేనికి కావాలో చెప్పండి, ఎన్ని గ్రాములు కావాలో చెప్పండి, వంచి చూడండి. మీకు కావలసిన వస్తువు మీ వీధిలోనే వేరే పేరుతో ఉండవచ్చు.

చేసి చూడండి, ఆలోచించండి

1. మీ ఇంట్లో దొరికే అయిదు రకాల అట్టలను తూచి, ఒక్కొక్క దాని జి.ఎస్.ఎం. కట్టండి. పట్టిక వేయండి.

2. ఒకే అట్ట నుంచి పోగు వెంట ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ కోసి, బల్ల అంచు పరీక్ష చేయండి. వాలు ఎన్ని మిల్లీమీటర్లు?

3. అతికించిన మూడు పొరలలో మధ్య పొర పోగు మాత్రం అడ్డంగా ఉంటే అట్ట ఎందుకు వంకర తిరగదు? ప్లైవుడ్ చెక్క అంచును చూసి జవాబు చెప్పండి.

4. 56 × 76 సెం.మీ. డ్రాయింగు షీటులో ఎన్ని ఏ-4 షీట్లు పడతాయి? అయిదుకు మించి తీయగలరా?